గానుగ నూనె తాగిన బండి

వేడి నూనెలో మిరపకాయ బజ్జీ పడిన వాసన వస్తే ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం ఇంజన్ హెడ్డు గుర్తుకొస్తుంది. పోయిన నెల వల్లూరులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడూ అదే జరిగింది. సాయంత్రం అది వంటింట్లో బజ్జీలు వేస్తోంది. నేను వసారాలో కూర్చుని, ఒకప్పుడు శెనక్కాయ చేలు ఉన్నచోట వరసలు వరసలుగా నిలబడిన సోలార్ పలకలను చూస్తున్నాను. అంతలో ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు, చిన్న వయసు పిల్ల, కరెంటు స్కూటర్ మీద వచ్చి గుమ్మం ముందు ఆగింది. చప్పుడు లేదు, పొగ లేదు, వాసన లేదు. నేను రిటైరైన అంగన్‌వాడీ టీచరునని తెలిసి పలకరించడానికి వచ్చిందట. "మీ కాలంలో సెంటర్‌కి ఎట్ల పోతాంటిరి మేడమ్?" అని అడిగింది. వంటింట్లోంచి గుప్పున వచ్చిన ఆ వాసన మధ్య ఆ ప్రశ్న వింటే నాకు నవ్వాగలేదు. "బజ్జీల బండి మీద" అన్నాను. పాపం, ఆ పిల్లకు అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పాలంటే మా మామతో మొదలుపెట్టాలి. మా మామ తిప్పయ్యది గానుగ. నేను కాపురానికి వచ్చేనాటికే ఎద్దు తిరిగే గానుగ మూలన పడి కరెంటు గానుగ వచ్చింది గానీ, ఇంటి తీరు మాత్రం మారలేదు. పెరట్లో రేకుల కొట్టం, అందులో గానుగ, పక్కన ఇత్తడి బిందెలు, గోడవారగా శెనక్కాయ చెక్క నింపిన గోతాలు. ఆ ఇంట్లో నూనె వాసన అంటని వస్తువు లేదు. దిండు దులిపితే అదే వాసన, పసుపు డబ్బా మూత తీస్తే అదే వాసన, పెళ్ళయిన కొత్తలో మా ఆయన జుట్టుకూ అదే వాసన. పొద్దున్నే కాఫీ కంటే ముందు మామ కొట్టంలోకి వెళ్ళి, ముందురోజు తీసిన నూనెలో వేలు ముంచి, అరచేతిలో రాసుకుని, వాసన చూసి, నాలుక చివర అంటించుకుని, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవాడు. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. పొయ్యి దగ్గర అత్త గిన్నె చప్పుడు కూడా చేయకూడదు. ఆయనకు దేవుడి మీద నమ్మకం ఉండేది గానీ, ఆయన నూనె మీద ఉన్నంత కాదు. చెవిపోటుకు ఆ నూనె, కాలి పగుళ్ళకు ఆ నూనె, దూడ గిట్టకు ఆ నూనె. కొత్త కాయ గానుగాడిన మొదటి రోజు మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. మొదటి నూనెతో దేవుడి దగ్గర దీపం పెట్టాక, ఇంట్లో కదిలే ప్రతిదానికీ తలా ఒక చెంచా పోయాలి. బావి గిలకకు, ఎద్దులబండి ఇరుసుకు, తలుపు మడతబందుకు, కుట్టుమిషనుకు, పసిపిల్ల ఉంటే పిల్ల మాడుకు. ఆ వరసలోకి మోటార్ సైకిల్ కూడా వచ్చి చేరింది.

అది సెకండ్ హ్యాండులో కొన్న టూ స్ట్రోక్ బండి. పల్లెలకు నూనె డబ్బాలు వేసుకుపోవడానికి మా ఆయన నాగరాజు దాన్ని హిందూపురం నుంచి తెచ్చాడు. ఆ కాలపు టూ స్ట్రోక్ బండ్లకు పెట్రోల్లోనే కొంచెం ఆయిల్ కలిపి పోయాలి. ఆ ఆయిల్ ఇంజన్‌ను తడుపుతూ పెట్రోల్‌తో పాటే కాలిపోతుంది. బండి వచ్చిన రోజే ఈ సంగతి మామ చెవిన పడింది. "దీనికి నూనె పొయ్యల్లంటనా? ఇంట్లో గానుగ పెట్టుకోని ఊరోళ్ళ నూనె కొనేదేందిరా? నవ్వుతారు" అన్నాడు. తండ్రి మాటకు ఎదురు చెప్పడం మా ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. చెంచాతో మొదలైన ఆచారం గ్లాసుకు ఎదిగింది. మామే స్వయంగా గ్లాసుతో కొలిచి ట్యాంకులో పోసేవాడు. కొత్తలో బండి బాగానే పరుగెత్తింది. పొగ మాత్రం అచ్చం బజ్జీల పొగ. ఏ ఊళ్ళోకి పోయినా కుక్కలు మొరగడం మానేసి తోక ఊపుకుంటూ వెంటపడేవి. "నాగరాజు వచ్చినాడు, నాకు ఆకలైతాండాది" అని అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఎగతాళి చేసేవారు. మామకు అది ఎగతాళిలా వినిపించలేదు. తన నూనెకు ఊరూరా పేరొస్తోందని మీసం దువ్వుకునేవాడు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. వేసిన విత్తనం మొలిచి, పూతకొచ్చి, పూత మీదే ఎండిపోయి గొర్రెల పాలయింది. కాయ లేకపోతే గానుగ ఏం తిరుగుతుంది? పాత నిల్వలోంచి ఇంటికి, బండికి సరిపడా తీసిపెట్టుకుని మామ కొట్టానికి తాళం వేశాడు. ఆ కరువులోనే మా ఊరి బయటి పెద్ద గుట్ట, దొడ్డమిట్ట అవతల, గొర్రెలు మేపుకునేవాళ్ళు ఉండే హట్టిలో అంగన్‌వాడీ సెంటర్ పెట్టారు. ఎస్సెస్సెల్సీ, అంటే పదో తరగతి, పాసైన కోడలిని కాబట్టి ఆ ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మామ గొణిగాడు గానీ కాదనలేకపోయాడు. హట్టికి బస్సు లేదు, రోజూ పొద్దున మా ఆయన బండి మీద దించి వచ్చేవాడు. నేను చేరేసరికే పిల్లలు గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉండేవారు. వాళ్ళ అమ్మానాన్నలు కూలికి పోతే, మధ్యాహ్నం నేను వండే గోధుమ రవ్వ ఉప్మానే వాళ్ళకు కడుపు నింపే తిండి. నాకు ఆ పని అంటే ప్రాణం. పుట్టింట్లో నేను ఫలానా వాళ్ళ కూతురిని, అత్తింట్లో గానుగ వాళ్ళ కోడలిని. ఆ గడప దగ్గర మాత్రమే నాకంటూ ఒక పని, నాదంటూ ఒక మాట ఉండేవి.

సరిగ్గా అప్పుడే బండి మొండికేసింది. పొద్దున్నే కిక్కు కొట్టి కొట్టి మా ఆయన చొక్కా తడిసిపోయేది. లేచిందా, నాలుగడుగులు నడిచి దగ్గేది, మళ్ళీ నడిచి మళ్ళీ దగ్గేది. తాళం తిప్పి ఆపితే ఆగకుండా కాసేపు తనంతట తానే కొట్టుకునేది. చదునులో ఎలాగో లాక్కొచ్చేది. దొడ్డమిట్ట మొదలైందంటే మాత్రం సగంలో ఊపిరి ఆగిపోయినట్టు నిలబడిపోయేది. నేను దిగి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వెనక నుంచి తోసేదాన్ని. హట్టి చేరేసరికి ముఖాన మసి, కాళ్ళకు దుమ్ము, పొద్దు నడినెత్తి మీద. ఒకరోజు అలా పోయేసరికి సూపర్వైజర్ మేడమ్ జీపు వచ్చి, తాళం వేసి ఉన్న సెంటర్ ముందు నిలబడి ఉంది. ఆవిడ మంచిదే, మా ఊళ్ళు కర్ణాటకవి కాబట్టి కన్నడంలో, మెత్తగానే చెప్పింది. ఇంకోసారి ఇలా జరిగితే హట్టిలోనే ఉండే మనిషిని ఎవరినైనా చూసుకోక తప్పదంది. 

బండికి ఏం జబ్బు చేసిందో తేల్చడానికి మా ఇంట్లో చేయని ప్రయత్నం లేదు. ప్లగ్గు మార్చారు. పెట్రోల్‌లో కిరోసిన్ కలిపి అమ్ముతున్నారని బంకువాణ్ణి తిట్టారు. దిష్టి తగిలిందని అత్త హెడ్‌లైటుకు మిరపకాయలు, నిమ్మకాయ కట్టింది. చివరికి పావగడలో కొండ కింద షెడ్డు పెట్టుకున్న మెకానిక్ బాషా దగ్గరికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. అతను ఇంజన్ నెత్తిన మూతలా ఉండే హెడ్డు విప్పి, లోపల కట్టిన కార్బన్ గీకి, బిగించి ఇచ్చాడు. బండి గుర్రంలా పరుగెత్తింది. కొన్నాళ్ళకే మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ పోయాం. ఈసారి బాషా నల్లటి వేళ్ళు రుద్దుకుంటూ, "ఏం ఆయిల్ పోస్తాండావప్పా దీంట్లో?" అని అడిగాడు. "కంపెనీ ఆయిలే" అన్నాడు మా ఆయన, కొండ వైపు చూస్తూ. "కంపెనీ ఆయిల్ ఇంత బంక పట్టదు కదప్పా" అన్నాడు బాషా. మా ఆయన ఇంకా శ్రద్ధగా కొండను చూశాడు. అప్పటికి నాకు సంగతి తెలిసిపోయింది. మా ఆయనకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది. కానీ ఆ మాట ఇంట్లో ఎవరు అంటారు? ఆ ఇంట్లో నూనెను తప్పు పట్టడమంటే మామ పుట్టుకనే తప్పు పట్టడం.

సోమవారం పొద్దున సూపర్వైజర్ వస్తుందని కబురొచ్చింది. ఆ శనివారమే బండి మిట్ట సగంలో ఆగి, నేను ఎంత తోసినా పైకి కదలకపోతే, ఇద్దరం దాన్ని నెట్టుకుంటూ ఇల్లు చేరాం. మామ వసారాలో కూర్చుని మా అవతారాలు చూశాడు. "సాలమ్మా ఈ అగసాట్లు. సోమవారం బండి దొడ్డమిట్ట ఎక్కిందా, నువ్వు పనికి పో. ఎక్కలేదా, నేనే పోయి ఆ మేడమ్‌కు చెప్తా, వేరే మనిషిని చూసుకోమని" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. "సరే మామా, ఎక్కుతాది" అనేశాను. అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు.

ఆదివారం పొద్దున పెరట్లో గోనెపట్టా పరిచి బండిని దాని పక్కన స్టాండు వేయించాను. "ఏం చేస్తావు?" అన్నాడు మా ఆయన. "హెడ్డు విప్పుదాం. రెండుసార్లు చూసినా కదా బాషా చేసేది. నట్లు నువ్వు విప్పు, గీకేది నేను గీకుతా" అన్నాను. "ఈడనా? నాయిన ముందరనా?" అని గొంతు తగ్గించాడు. "ఆయన ముందరే. మనం నోరు తెరిచేది వద్దు, ఇంజన్నే చెప్పనీ" అన్నాను. మా ఆయన నన్ను కొత్తగా చూసి, పోయి స్పానర్లు తెచ్చాడు. అందుకే ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాను.

ప్లగ్గు తీశాం, సైలెన్సర్ దింపాం, హెడ్డు నట్లు ఎదురెదురువి కొంచెం కొంచెంగా వదులు చేసి హెడ్డు పైకి లేపాం. లోపలికి తొంగి చూశాం. పిస్టన్ నెత్తిన వేలు మందాన నల్లటి పెచ్చు. పొగ బయటికి పోయే రంధ్రం మూసుకుపోయి, పెసర గింజ దూరేంత సందు మిగిలింది. ఇక ఊపిరి ఎట్లా ఆడుతుంది? మా ఆయన స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. లాగేసుకున్నాను. పిస్టన్ అల్యూమినియం, ఇనుము తగిలితే గీతలు పడుతుందని బాషా తన పనివాణ్ణి తిట్టడం నా చెవులారా విన్నాను. సత్తు గిన్నె మాడితే ఇనుప గరిటెతో గోకకూడదని మనకు ఎవరైనా చెప్పాలా? వంటింట్లోంచి చెక్క గరిటె తెచ్చి అంచు చెక్కి పదును చేశాను. కిక్కు మెల్లగా తొక్కి పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి, రాలిన పొడి లోపలికి జారకుండా అంచు చుట్టూ గ్రీజు పూసి, కిరోసిన్ చుక్కలు వేసి నానబెట్టి గీకడం మొదలుపెట్టాను. పైన పొర గట్టి బొగ్గు, పెళుసుగా రాలింది. దాని కింద ఇంకో పొర, గోధుమ రంగులో, సాగుతూ, గరిటెకు అంటుకుంటూ వచ్చింది. పొగ రంధ్రంలోదీ గీకి, అంతా ఒక సత్తు పళ్ళెంలో పోగు చేశాను. మామ వసారాలోంచి చూస్తున్నాడని నా వీపుకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు మా అత్త వచ్చింది, తన గరిటె ఏమైందో వెతుక్కుంటూ. ఆవిడ సుంకమ్మ, మాట తక్కువ మనిషి. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ బాండ్లీలు తోమిన చేతులు ఆవిడవి. తిట్టబోయి పళ్ళెం వైపు చూసి ఆగింది. వంగి ఆ గోధుమరంగు బంకను వేలితో నొక్కింది, వాసన చూసింది. ముఖం విప్పారింది, చాలా రోజులకు సొంత చుట్టం ఎదురైనట్టు. "ఇదేంది, మన బాండ్లి అడుగే కదా! పండగ నాడు బూరెలు కాల్చినాక పట్టే బంక ఇదే కదా! మన నూనె మాడితే ఇట్లే పట్టుకుంటాది, తోమి తోమి పీసు అరిగినా పోదు" అంది, వసారా దాకా వినిపించేటట్టు. ఆవిడకు ఇంజన్ సంగతి తెలియదు, పౌరుషాల సంగతి పట్టదు. తనకు తెలిసింది తను చెప్పింది.  మా ఆయన స్పానర్‌ను చాలా జాగ్రత్తగా తుడవడం మొదలుపెట్టాడు.

మామ లేచి వచ్చాడు. పళ్ళెం ముందు గొంతుకూర్చుని, ఆ బంకను రెండు వేళ్ళ మధ్య నలిపాడు, అరచేతిలో రాసుకున్నాడు, వాసన చూశాడు, నాలుక చివర అంటించుకుని ఉమ్మేశాడు. కళ్ళు మూసుకున్నాడు. పెరట్లో ఎవరూ కదల్లేదు. ఆయన తన నూనె మీద ఎప్పుడూ అబద్ధం చెప్పినవాడు కాదు, ఇప్పుడేం చెబుతాడా అని చూస్తున్నాను. కళ్ళు తెరిచి కొడుకు మీద ఇంతెత్తున లేచాడు. "రేయ్ నాగా! నోట్లోకి పొయ్యే నూనెను దినామూ ఈ ఇనప ముండకు పోస్తాంటివా?" అన్నాడు. మా ఆయన నోరు తెరిచాడు. "నువ్వే కదా నాయినా..." "ఆచారానికి ఒక చెంచా పొయ్యమంటి. గ్లాసులు గ్లాసులు పొయ్యమంటినా? మన నూనె మనుషులకు రా! దీని మొహానికి ఆ కంపెనీ మురికి సాలు!" గ్లాసుతో కొలిచి పోసిన చేయి ఎవరిదో మా నలుగురికీ తెలుసు.  మా ఆయన తల వంచుకుని, "తప్పయింది నాయినా" అన్నాడు. తల ఎందుకు వంచుకున్నాడో నాకు తెలుసు, నవ్వు దాచుకోవడానికి. ఆయన నూనె గౌరవం నిలబడింది, బండి బతికింది, అంతకంటే ఏం కావాలి?

ఆ తర్వాత పని పరుగెత్తింది. పావగడ పోయి కంపెనీ ఆయిల్ తెమ్మని మామే కొడుకును సైకిల్ మీద తరిమాడు. సైలెన్సర్ లోపలి గొట్టం గీకితే లొంగే రకం కాదు, కాల్చాలి. కొట్టం వెనక శెనక్కాయ పొట్టు కుప్ప ఉంటే దానికి నిప్పు పెట్టి అందులో పడేశాను. ముందు నల్లగా, తర్వాత తెల్లగా పొగ లేచింది. ఇక చూడాలి, ఊరంతా పండగ వాసన! కరువు రోజుల్లో ఎవరింట్లో బూరెలు కాలుస్తున్నారని పిల్లలు, పిల్లల వెనక తల్లులు మా పెరటి గోడ మీదికి ఎగబడ్డారు. మంటలో ఇనుప గొట్టం చూసి ఉసూరుమన్నారు. అది ఎర్రగా కాలి చల్లారాక రాయికేసి కొడితే బొగ్గంతా రాలి ఈ చివరి నుంచి ఆ చివరికి వెలుతురు కనబడింది. ట్యాంకు ఖాళీ చేసి కడిగాం. నూనెతో ముద్దయిన గాలి ఫిల్టర్‌ను కిరోసిన్‌లో పిండాం. హెడ్డు నట్లను మళ్ళీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాం. సాయంత్రం మా ఆయన కిక్కు కొట్టాడు. లేవలేదు. మళ్ళీ కొట్టాడు. లేవలేదు.  ప్లగ్గు విప్పి చూస్తే తడిగా ఉంది. ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది పెట్టాక ఒక్క తన్నుకు లేచింది. దగ్గు లేదు, ఎక్కిళ్ళు లేవు, కుట్టుమిషన్ నడిచినట్టు ఒకే తీరున కొట్టుకుంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మామ ముందు గంతులేయకూడదు కాబట్టి చెక్క గరిటెను గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. "సప్పుడుకేం, బాగనే ఉండాది. మిట్ట ఎక్కనీ" అన్నాడు మామ.

వల్లూరులో ఆ పిల్లకు ఇదంతా చెబితే నోరెళ్ళబెట్టి వింది. తన స్కూటర్ ఆగిపోతే ఫోన్ చేస్తే వచ్చి తీసుకుపోతారట, లోపల ఏముందో తనకు తెలియదట. ఆ రోజులే బాగుండేవని నేను అనను. మిట్ట మీద బండి తోసిన మనిషి ఆ మాట అనదు. ఎవరి దయా లేకుండా, ఎవరి వెనకా కూర్చోకుండా ఆ పిల్ల ఒక్కతే రయ్యిన వచ్చి ఆగింది చూడండి, దానికి నాకు నిజంగా ఈర్ష్య కలిగింది. సోలార్ వాళ్ళకు భూమి కౌలుకిచ్చినవాళ్ళు ఇప్పుడు వాన కోసం ఆకాశం చూడనక్కర్లేదు, అదీ మంచిదే. కానీ నన్ను రోజూ మోసిన ఇంజన్ లోపల ఎలా ఉంటుందో నాకు తెలుసు, దాని జబ్బును నా చేత్తో గీకి తీశాను. ఈ గర్వం మాత్రం నేను ఎవరికీ ఇవ్వను.

సోమవారం నేను లేచేసరికి మామ ఇంట్లో లేడు. తువ్వాలు భుజాన వేసుకుని చీకటితోనే దొడ్డమిట్ట వైపు నడిచిపోయాడని అత్త చెప్పింది. బండి ఎక్కిందని మేం చెబితే నమ్మడన్నమాట, కళ్ళతో చూడాలి. నేను మా ఆయన వెనక కూర్చుని ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకున్నాను. మిట్ట మొదలైంది. మా ఆయన గేరు దించాడు. గులకరాళ్ళు చక్రం కింద చిటపటలాడాయి. రోజూ ఆగిపోయే బండరాయి దగ్గరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ నా కాలు ఫుట్‌రెస్టు మీంచి కిందికి దిగబోయింది. "దిగొద్దు!" అని అరిచాడు మా ఆయన. దిగలేదు. బండి గొంతు కొంచెం బరువెక్కింది గానీ తడబడలేదు. బండరాయి పక్కకు వచ్చింది, వెనక్కి పోయింది. అంతవరకూ ఆ రాతిని దాటి కూర్చుని పోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. గాలి ముఖానికి కొడుతుంటే మా ఆయన వీపు మీద దబదబా బాదాను.

మిట్ట పైన, దారి పక్కన బండ మీద మామ కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. ఆయన ముందు ఆపాలనుకుని మా ఆయన వేగం తగ్గించాడు. "ఆపొద్దు! ఆపొద్దురా, పోనీ! ఆ మేడమ్ వచ్చేస్తాది, పోనీ!" అని తువ్వాలు ఊపుతూ కేకలేశాడు. మేం ఆయన్ని దాటుకుని అవతలి వాలులోకి దిగాం. అటు నుంచి గొర్రెల మందను తోలుకుంటూ ఒక ముసలాయన ఎక్కుతున్నాడు. వెనక్కి తిరిగి చూశాను. మామ ఆ గొర్రెలాయన వైపు చేయి చాచి, దొడ్డమిట్ట అంతా మారుమోగేలా అరుస్తున్నాడు. "దారి ఇడువప్పా, దారి ఇడువు! మా కోడలు! హట్టి టీచరు! పనికి పోతాండాది!"